రెండు గజాల పెట్టెతో జాఫ్నా దాకా

శ్రీలంక వెళ్ళొచ్చామని చెబితే మా ఫిల్మ్ నగర్‌లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏ సినిమాకి?"

ఏ సినిమాకీ కాదు. ఒక బొమ్మ పడవని తీసుకెళ్ళి, అక్కడి నీళ్ళలో వదిలి, తిరిగి తెచ్చుకున్నాం. ఆ మాట చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: "దానికి ఎంతయింది?" నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే. దారిలో చెబుతాను.

ఫిల్మ్ నగర్

నేను ఒక నిర్మాణ సంస్థలో ఖర్చులు చూస్తాను. చదివింది ఇంటర్ వరకే. లెక్క నేర్పింది మాత్రం ప్లైవుడ్ షాపుల వాళ్ళు, జనరేటర్ల వాళ్ళు, రెండు వందల మందికి భోజనాలు పంపి రెండు వందల ముప్పై అని చెప్పే కేటరింగ్ వాళ్ళు. ఏ వస్తువు చూసినా పొడవు, వెడల్పు, ఎత్తు మనసులో వాటంతటవే గుణించుకుపోతాయి. అలవాటు అలాంటిది.

సాయన్న సెట్లలో మోల్డింగ్ మేస్త్రి. రహమత్ నగర్‌లో ఉంటాడు. గుడి స్తంభాలు, ఏనుగు తలలు, కూలిపోయే కోట గోడలు ఫైబర్‌తో పోత పోస్తాడు. అరవై దాటాయి. పని లేని రోజుల్లో అదే ఫైబర్‌తో ఒక తెరచాప పడవ చేసుకున్నాడు. చేతిలో రిమోట్ ఉంటుంది. దాంతో చుక్కానిని తిప్పవచ్చు, తెరచాపని బిగించవచ్చు, వదలవచ్చు. మోటారు లేదు. గాలి ఎంత తోస్తే అంతే. నిలబెడితే తెరచాప కొన ఆయన తలకన్నా ఎత్తు.

ఒకసారి దుర్గం చెరువు దగ్గర ఆ పడవ పరుగుని నేను గడియారం పెట్టి కొలిచాను.

"గంటకు నాలుగు కిలోమీటర్లు, సాయన్నా."

"అంటే జోరుగ పోతున్నట్టా, నిమ్మళంగనా?"

నాలుగు అనేది సరైన అంకె. కానీ దేనితో పోల్చాలి? మాకు తెలిసినంతలో ఊళ్ళో అలాంటి పడవ ఇంకొకటి లేదు.

"గదే సార్ నా గోస," అన్నాడు సాయన్న. "పక్కన ఇంకోటి ఉరికితెనే గద తెలిసేది. ఒక్కన్నే ఉరికితే ఫస్టూ నేనే, లాస్టూ నేనే."

ఆ రోజు నేను ఫోన్‌లో తీసిన వీడియో ఎవరెవరి చేతులో మారి జాఫ్నాలో ఉండే నవరత్నం గారికి చేరింది. ఆయన పళ్ళ డాక్టరుగా చేసి మానుకున్నాడు. ఆయనా, ఆయన స్నేహితులూ ఏడాదికి ఒక ఆదివారం తాము చేసుకున్న తెరచాప పడవలన్నీ తెచ్చి, ఊరి పక్క ఉప్పునీటి సరస్సులో పందెం వేసుకుంటారు. బహుమతి ఏమీ ఉండదు. "మీ మిత్రుణ్ణి తీసుకుని రండి. పడవ లేకుండా మాత్రం రావద్దు," అని ఆయన రాశాడు.

సాయన్నకి ఇక నిద్ర పట్టలేదు. నాకూ పట్టలేదు, కానీ నా కారణం వేరు. మేం వెళ్ళడం తేలిక. పడవని ఎలా తీసుకెళ్ళాలి?

విమానం కొరియర్ వాళ్ళని అడిగాను. వాళ్ళకి బరువుతో పని లేదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, ఐదు వేలతో భాగిస్తే వచ్చేదే వాళ్ళ దృష్టిలో కిలోలు. నూట తొంభై, నలభై ఐదు, యాభై ఐదు. పెట్టెతో కలిపి పదహారు కిలోలు తూగే వస్తువు వాళ్ళ లెక్కలో తొంభై నాలుగు కిలోలైంది. ధర చెప్పగానే సాయన్న నోరు తెరిచాడు.

"గా పైసలకు నన్ను గూడ గదే డబ్బల పండవెట్టి పంపుతరా?"

పడవ అడుగున రెక్కలా దిగే పలక ఒకటి ఉంటుంది. దాని కొనకి సీసపు గుండు. పడవ పక్కకి పడిపోకుండా కాపాడేది అదే. అది మరతో బిగించినదని తెలిసి విప్పించాను. ఎత్తు ముప్పైకి దిగింది. తొంభై నాలుగు కాస్తా యాభై ఒకటి అయింది. ఒక్క మర విప్పితే నలభై మూడు కిలోలు మాయం. పెద్ద వస్తువులు పంపే సరదా ఉన్నవాళ్ళు ముందు గుర్తుపెట్టుకోవలసింది ఇదే: తక్కెడ కన్నా టేపుని నమ్మండి.

యాభై ఒకటి కూడా మా తాహతుకి మించినదే. కాబట్టి విమానం వదిలేసి, నేల మీదా నీళ్ళ మీదా వెళ్ళాలని నిర్ణయించాను. చెన్నై దాకా లారీ, అక్కడి నుంచి నాగపట్నం దాకా బస్సు, నాగపట్నం నుంచి ఓడ.

ఇక పెట్టె. విదేశాలకు చెక్క పెట్టె వెళితే, పురుగులు లేకుండా ఆ చెక్కని వేడి చేశారని దాని మీద ముద్ర ఉండాలి. ఈ నిబంధన నాకు తెలుసు. తెలుసు కాబట్టే పట్టుబట్టి థర్మాకోల్ పెట్టె చేయించాను. సాయన్న థర్మాకోల్ పలకలు అతికించి, మీద జిగురు గుడ్డ చుట్టి, లప్పం పెట్టి గట్టిచేశాడు. ఒక్క చెక్కముక్క కూడా లేదు. ఆ తెల్ల పెట్టెని మోతీనగర్‌లో ఉండే పెయింటర్ ఏసుపాదం దగ్గర పెట్టి, "కాస్త రంగు వెయ్యండి, తడవకుండా ఉంటుంది," అని చెప్పి వచ్చాను.

ఏసుపాదం మా నరసాపురం వైపు మనిషి. ముప్పై ఏళ్ళుగా సెట్లకి రంగులు వేస్తున్నాడు. మూడో రోజు వెళ్ళి చూస్తే అక్కడ టేకు పెట్టె ఉంది! టేకు చారలు, కణుపులు, పలకకీ పలకకీ మధ్య సందులు, మేకు తలలు. ప్రతి మేకు కిందా వానకి కారిన తుప్పు చార.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"ఊరికే నీలం రంగు పూసి పంపమంటారేంటండీ, దేశం దాటి వెళ్ళే సరుకుని? పరువు ఉండొద్దూ?"

"పైగా కొట్టి చూడున్రి సార్," అన్నాడు సాయన్న గర్వంగా. కొట్టాను. లప్పం గట్టిదనానికి చెక్కలాగే మోగింది.

నేను కూడా మురిసిపోయాను. ఆ క్షణంలో నా బుర్రలో గంట మోగవలసింది. మోగలేదు.

చెన్నై దారి

షూటింగ్ ముగించుకుని ఖాళీగా చెన్నై తిరిగి వెళ్ళే లైట్ల లారీలు మా వైపు నుంచి తరచూ బయల్దేరుతుంటాయి. ఖాళీగా వెళ్ళే బండిలో చోటుకి డ్రైవరు ఎంత చెబితే అందులో సగం ధర. రెండో సూత్రం ఇదే: మీ వస్తువు వెళ్ళే వైపుకి ఖాళీగా ఎవరు వెళుతున్నారో కనుక్కోండి.

బయల్దేరేటప్పుడు డ్రైవరు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. సాయన్న పెట్టె మీద కర్పూరం వెలిగించబోతే ఏసుపాదం చెయ్యి పట్టుకున్నాడు. "థర్మాకోల్ బాబూ! అంటుకుంటే పావుగంటలో పడవా ఉండదు, ప్రయాణమూ ఉండదు." తర్వాత కళ్ళు మూసుకుని తనే ఒక ప్రార్థన చేశాడు. అందులో పడవ, లారీ, డ్రైవరు గారి చూపు, సాయన్న మోకాళ్ళు అన్నీ వచ్చాయి. డ్రైవరు కూడా ఆమెన్ అన్నాడు.

నెల్లూరు దాటాక ఒక పూరిపాక హోటల్లో చేపల పులుసు తిన్నాం. అన్నం రెండోసారి అడిగితే గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది వండే ఆవిడ. మా జూబ్లీహిల్స్‌లో అదే పులుసు మట్టి ముంతలో పోసి, దానికి ఒక పేరు పెట్టి, నాలుగు రెట్లు తీసుకుంటారు. అక్కడ ముంత ధర కూడా మనదే.

చెన్నైలో దించడానికి ఇద్దరు కూలీలు వచ్చారు. పెట్టె చూసి తువ్వాళ్ళు నడుముకి బిగించారు. "ఒకటి, రెండు" అనుకుని బలమంతా పెట్టి ఎత్తారు. పెట్టె తలల మీదికి ఎగిరింది. వెనక ఉన్నాయన ఆ ఊపుకి కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. కూలి దగ్గర మాత్రం బరువు పెట్టె ధరే అడిగారు.

"తేలిగ్గా ఉంది కదయ్యా?" అన్నాను వచ్చీ రాని తమిళంలో.

"చూడ్డానికి బరువుగానే ఉంది కదా సార్!"

కొరియర్ కంపెనీ వాళ్ళ లెక్కా ఇదే. ఇచ్చేశాను.

నాగపట్నం

నాగపట్నం బస్సు క్లీనరు పెట్టెని చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. నేను టేపు తీశాను. బస్సు కింద సామాను అర ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు మీటర్ల ఇరవై ఉంది. పొడుగ్గా పెడితే పట్టని పెట్టె, అడ్డంగా పెడితే ఇంకా జానెడు చోటు మిగిలింది. క్లీనరు టేపు చూడలేదు, నన్ను చూశాడు. "ఇంజనీరా?" అన్నాడు. కాదన్నాను. "అందుకే పట్టింది," అన్నాడు.

నాగపట్నంలో ఒక పూట ఆగాం. పక్కనే నాగూరు. దర్గా వీధిలో రొయ్య గుచ్చి వేయించిన వడలు అమ్ముతారు. వాటిని వాడ అంటారు. బయట కరకర, లోపల మెత్తన. సాయన్న ఐదు తిన్నాడు. నేను రెండింటితో ఆపి, రవ్వతో చేసే దమ్‌రూట్ అనే హల్వా పావు కిలో కట్టించుకున్నాను. మన దగ్గర హల్వా చేతికి అంటుతుంది. ఇది అంటదు, పొడిగా విరుగుతుంది. ప్రయాణానికి పనికొచ్చే మిఠాయి.

సాయన్నకి చెన్నై యూనిట్లతో చేసి చేసి కొంత తమిళం వచ్చు. అయితే అదంతా సెట్లో అరిచే తమిళమే. తొందరగా, ఎత్తు, పక్కకి జరుగు, అంతే. టీ కొట్టతనితో "తొందరగా! ఎత్తు!" అంటే అతను బెదిరిపోయి చేతిలోని గ్లాసు ఎత్తి పట్టుకున్నాడు.

సముద్రం మీద

ఓడ వాళ్ళకి పెట్టె కొలతలు ముందే రాసి, ఒప్పించి పెట్టుకున్నాను. వాళ్ళు టేపు తీయలేదు. తక్కెడ మీద పెట్టారు. పదహారు కిలోలు. నా జీవితంలో ఒక తక్కెడని చూసి అంత సంతోషించింది అదే మొదలు. ఇక ఆ రెండో ప్రశ్నకి జవాబు: రానూ పోనూ ఆ పెట్టెకైన ఖర్చంతా కలిపినా, కొరియర్ వాళ్ళు ఒక్క వైపుకి అడిగిన దానిలో పదో వంతు దాటలేదు.

నాలుగు గంటల ప్రయాణం. మా పక్కన చీరల మూటలతో ఇద్దరు జాఫ్నా ఆడవాళ్ళు కూర్చున్నారు. చిన్న వ్యాపారం, నెలకోసారి వస్తారట. తీరం కనిపించకుండా పోగానే, ఇన్నాళ్ళూ పడవ ఎలా తేలుతుందో నాకు పాఠాలు చెప్పిన సాయన్న మొహం తెల్లబడింది. తిన్న వాడలన్నీ సంచీలోకి వచ్చేశాయి.

"పడవలు జేసుడు అల్కగుంటది సార్," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "ఎక్కుడే కష్టం."

ఆ ఇద్దరిలో పెద్దావిడ ఒక నిమ్మకాయ చేతిలో పెట్టి వాసన చూడమంది. ఆమె ప్రతిదానికీ "ఓం, ఓం" అంటోంది. అక్కడి తమిళంలో ఔనంటే ఓం అట. సాయన్న ఆ సంగతి తెలియక, తన కోసం ఆమె జపం చేస్తోందనుకుని చేతులు జోడించాడు.

కాంకేసంతురై

ఓడ దిగే రేవు పేరు కాంకేసంతురై. చిన్న రేవు, శుభ్రంగా ఉంది. పాస్‌పోర్ట్ మీద ముద్ర పడింది. సంచులు చూశారు. అన్నీ అయ్యాయి. గేటు అవతల నవరత్నం గారు తెల్లచొక్కాతో చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడు ఒక బల్ల దగ్గర నుంచి యూనిఫాం వేసుకున్న అమ్మాయి లేచి వచ్చింది. మొక్కల పురుగుల తనిఖీ ఆమె పని. ముప్పై ఏళ్ళు ఉండవు. మర్యాదగా, మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

"ఈ చెక్క పెట్టెకి ముద్ర ఎక్కడ ఉంది అంకుల్?"

నా కాళ్ళ కింద నేల కదిలింది. ఓడ ఊపు ఇంకా వదల్లేదేమో అనుకున్నాను. కాదు.

"ఇది చెక్క కాదమ్మా, థర్మాకోల్."

ఆమె పెట్టెని చూసింది. చారల్ని చూసింది. తుప్పుని చూసింది. వేలితో కొట్టింది. టక్కుమని మోగింది. నన్ను చూసిన చూపులో జాలి ఉంది.

"ముద్ర లేకపోతే పెట్టెని వెనక్కి పంపాలి. లేదా మందు పొగ పట్టించాలి. అందుకు నాలుగైదు రోజులు పడుతుంది."

అది శుక్రవారం. పందెం ఆదివారం. సాయన్న నా మొహం చూస్తున్నాడు. "ఏందంట సార్?" అన్నాడు. చెప్పాను. ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి, దేశం దాటి వచ్చి, గేటుకి ఇరవై అడుగుల దూరంలో.

నాకు వచ్చింది లెక్క ఒక్కటే. కాగితం తీసుకున్నాను. పెట్టె బయటి కొలతలతో ఎంత, లోపలి కొలతలతో ఎంత, తేడా ఎంత. గోడలన్నీ కలిపి ఎనభై నాలుగు లీటర్లు. ఎంత చవక చెక్కైనా లీటరుకి నాలుగు వందల గ్రాములు ఉంటుంది. అంటే ఇది చెక్కైతే ఖాళీ పెట్టే ముప్పై మూడు కిలోలు దాటాలి. కానీ ఓడ వాళ్ళు ఇచ్చిన చీటీలో పడవతో సహా పదహారు. కాబట్టి ఇది చెక్క కాదు.

ఆమె లెక్క మొత్తం చదివింది. రెండోసారి చదివింది. తన ఫోన్‌లో గుణించి సరిచూసుకుంది కూడా.

"మీ లెక్క తప్పు లేదు అంకుల్. కానీ ముద్ర నంబరు రాయమన్న చోట నేను ఈ గుణకారం రాయలేను కదా?"

ఆ మాట న్యాయమైనదే. అప్పుడు వెనక వరసలోంచి, ఓడలో నిమ్మకాయ ఇచ్చిన పెద్దావిడ విసుగ్గా ఏదో అంది. నవరత్నం గారు తర్వాత తర్జుమా చేశాడు: "అంత మంచి పెట్టెని దారికి అడ్డంగా పెట్టారు, పక్కకి ఒరిగించండి, మేం వెళ్ళాలి."

అప్పటికి నాకు అర్థమైన మాట ఒక్కటే: ఒరిగించండి! ఇరవై ఏళ్ళుగా సెట్ల వెనక తిరుగుతున్నాను. ముందు నుంచి చూస్తే రాజమహలు, వెనక్కి వెళితే ఉత్త ప్లైవుడ్, కర్రలు. కెమెరా చూడని వైపు ఏ పెయింటరూ కుంచె పెట్టడు. పెట్టినా నాలాంటి వాడు బిల్లు ఇవ్వడు.

"సాయన్నా, అడుగున రంగు వేశాడా?"

సాయన్న కళ్ళు పెద్దవయ్యాయి. "అడుగుకా? ఎందుకేస్తడు సార్!"

ఇద్దరం కలిసి పెట్టెని తిరగేశాం. ఐదు వైపులా పాత టేకు, అడుగు మాత్రం తెల్లగా, పూసలు పూసలుగా, టీవీ డబ్బాలోంచి తీసిన ముక్కలా ఉంది. సాయన్న అక్కడ జిగురు గుడ్డా వెయ్యలేదు, లప్పమూ పెట్టలేదు.

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెన్ను తీసి గుచ్చింది. దిగిపోయింది. తర్వాత మళ్ళీ ఉద్యోగం గుర్తొచ్చింది. "అడుగు సరే. పక్కలు చెక్క అయి ఉండవచ్చు కదా?"

సాయన్న జేబులోంచి చిన్న కత్తి తీయబోయి, అక్కడ అది తీయకూడదని నేను కళ్ళతో చెబితే ఆగి, ఆమె బల్ల మీది కత్తెర అడిగాడు. ఏసుపాదం అన్నిటికన్నా శ్రద్ధగా వేసిన కణుపు ఒకటుంది, గుడ్లగూబ కన్నులా. సరిగ్గా దాని మధ్యలో కత్తెర మొన దింపి తిప్పాడు. తెల్లటి పూసలు రాలి నేల మీద దొర్లాయి. వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. పక్క బల్ల నుంచి ఇద్దరు లేచి వచ్చి పెట్టెని కొట్టి, చెవి పెట్టి విన్నారు.

అయినా పెట్టె ఆ రోజు రాలేదు. పై అధికారి చూసి సంతకం పెట్టాలి, ఆయన రేపు వస్తాడు. ఖాళీ చేతులతో గేటు దాటాం.

జాఫ్నా

నవరత్నం గారి కారు నా వయసున్న ఆస్టిన్. జాఫ్నాలో ఇలాంటి ముసలి కార్లు ఇంకా కిరాయికి తిరుగుతున్నాయి. పెట్టె కోసం ఆయన పైన కట్టుకొచ్చిన ఇనుప చట్రం దారి పొడుగునా ఖాళీగా గలగల కొట్టుకుంది.

మన రూపాయికి వాళ్ళవి మూడున్నర దాకా వస్తాయి. ధర వినగానే గుండె ఆగుతుంది, భాగించాక మళ్ళీ కొట్టుకుంటుంది. టీ వంద. అంటే మన ముప్పై లోపు. ఇడియాప్పం పళ్ళెం, దాని మీద కొబ్బరిపాల పులుసు, పక్కన కొబ్బరి పచ్చడి కలిపి మా ఇద్దరికీ ఏడు వందలు. హైదరాబాద్‌లో ఒక్కరికి అంతే అవుతుంది, మన రూపాయల్లో.

ఆ సాయంత్రం నవరత్నం గారి భార్య కూళ్ అని ఒకటి పోసింది. పీతలు, చేపలు, రొయ్యలు, పనసగింజలు వేసి కాచిన చిక్కటి జావ. దాన్ని తాటాకు దొప్పల్లో తాగుతారు. ఆ చిక్కదనం దేనిదని అడిగితే తీసి చూపించింది. ఎండబెట్టి దంచిన తేగల పిండి! మా నరసాపురంలో తేగలు కాల్చుకుని, పీచు తీసి, నమిలి పారేస్తాం. తేగలతో సముద్రాన్ని వండవచ్చని మాకెవరికీ తోచలేదు. నేను మూడు దొప్పలు తాగాను. సాయన్న ఒకటి పట్టుకుని కూర్చున్నాడు.

"తినండి," అన్నాడు నవరత్నం గారు. "రేపు వచ్చేస్తుంది."

"ఒకేళ రాకుంటే?" అని నాతో అన్నాడు సాయన్న. "వాళ్ళయి ఉరుకుతుంటే నేను గట్టున కూసోని చూడాలె. గదైతే మా ఇంట్ల ఫోన్లనే చూస్తుంటి కద సార్."

నేను లెక్క వేసి ధైర్యం చెప్పగలిగిన విషయం కాదది. జావ చల్లారిపోతోందని మాత్రం అన్నాను.

శనివారం మళ్ళీ రేవుకి వెళ్ళాం. పై అధికారి లావుపాటి మనిషి, నిదానస్తుడు. ఆ అమ్మాయి పెట్టెని పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా, "చూడండి సార్," అంది. ఆయన చుట్టూ తిరిగాడు. కొట్టాడు. "ముద్ర లేని చెక్క. ఇందులో అడగడానికి ఏముంది?" అన్నాడు. ఆమె ఒక్క చేత్తో పెట్టె ఒక కొసని ఎత్తి, తిరగేసింది. ఆయన చాలాసేపు తెల్లటి అడుగుని చూశాడు. ఆ తర్వాత ఆయన అడిగినది నవరత్నం గారు మాకు చెప్పాడు: "ఈ పెయింటరు ఇళ్ళ తలుపులకి కూడా వేస్తాడా?"

సంతకం పడింది. ముద్ర నంబరు రాయాల్సిన ఖాళీలో ఆ అమ్మాయి ఏమి రాసిందో చూశాను. 'చెక్క వంటిది, చెక్క కాదు.' ఇప్పటికీ ఆమె అంటే నాకు గౌరవం.

ఉప్పునీటి సరస్సు

ఆదివారం. నడుం లోతు నీళ్ళు, దూరంగా తాటిచెట్ల వరస, ఎడతెగని గాలి. మన చెరువుల మీద మేడల మధ్య నుంచి గాలి ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఇక్కడ ఒకే తీరుగా, ఎవరో పంకా వేసి మరిచిపోయినట్టు వీస్తోంది. మొత్తం పదకొండు పడవలు. రెండు రంగు బుడగల చుట్టూ తిరిగి రావాలి.

మొదటి పందెంలో సాయన్న చిట్టచివర వచ్చాడు. అలవాటు కొద్దీ, గాలి విసురుతుందేమోనని మాటిమాటికీ తెరచాప వదులుతున్నాడు. నవరత్నం గారు నీళ్ళలో నడిచి వచ్చి సైగలతో చెప్పాడు: ఇక్కడి గాలి మోసం చెయ్యదు, బిగించి ఉంచు. వచ్చే పందెంలో తన పడవనే ఓడించడానికి పనికొచ్చే మాట ఎవరైనా అలా చెబుతారా? అక్కడ చెబుతున్నారు.

రెండో పందెం. సాయన్న మోకాళ్ళు మరిచిపోయి నడుం లోతుకి దిగాడు. మా ఎర్ర పడవ మొదటి బుడగ దగ్గర ఇద్దరిని దాటింది. తిరిగి వచ్చే దారిలో ఇంకొకరిని. చివరికి నవరత్నం గారి నీలం పడవ, మాది పక్కపక్కన వచ్చాయి. ఐదో స్థానం కోసం. రెండూ ఒకే వాలున వంగి, ఒకే గాలిని పంచుకుని వస్తున్నాయి. గట్టు మీద నేను లేచి నిలబడ్డాను. గడియారం చేతికే ఉంది. చూసుకోవడం మరిచిపోయాను.

నీలం పడవ ముక్కు ముందు దాటింది.

సాయన్న నీళ్ళు చిమ్ముకుంటూ గట్టుకి పరిగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఓడిపోయిన సార్! సూసిన్రా? గింత! గింతల ఓడిపోయిన!" రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి చూపించాడు. మూరెడు దూరం.

అక్కడున్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వచ్చిన తమిళం, రాని తమిళం కలిపి, చేతులతో అదే చూపించాడు. నవరత్నం గారికి కూడా చూపించాడు, ఆయన గెలిచిన దూరం ఎంతో ఆయనకి తెలియనట్టు. ఆయన ఆ రెండు చేతుల మధ్య తన చెయ్యి పెట్టి ఊపి, "ఓం," అన్నాడు.

తర్వాత ఏసుపాదానికి వీడియో కాల్ చేశాడు. చూపించడానికి రెండు చేతులూ కావాలి. ఫోన్ నన్ను పట్టుకోమన్నాడు. అప్పటికి ఆ దూరాన్ని పన్నెండో, పదమూడో సారి చూపిస్తున్నాడు. ప్రతిసారీ నా కళ్ళు అలవాటుగా కొలుస్తూనే ఉన్నాయి. మూరెడు. ఎవరికి చెప్పినా అదే మూరెడు. ఒక్కసారి కూడా ఒక్క వేలు తగ్గించలేదు.